మిల్లు మూసిన ఏడాది, శనివారం నూడిల్స్

"జనం దగ్గర డబ్బుల్లేవు డబ్బుల్లేవు అంటారు గానీ సాయంత్రం ఆరు దాటాక ఏ ఫాస్ట్ ఫుడ్ బండి దగ్గరికైనా వెళ్ళి చూడండి, నిలబడ్డానికి చోటుండదు." మొన్న మా చుట్టాల వాట్సాప్ గ్రూపులో ఒకాయన ఈ మాట పెట్టాడు. కింద అందరూ అవునవును అన్నారు, ఒకావిడైతే అప్పుచేసి పప్పుకూడు అంది. నాకు మాత్రం మనసు కలుక్కుమంది. అలా బండి దగ్గర నిలబడ్డ డబ్బుల్లేని జనంలో మా నాన్న ఒకడు, ఆయన చెయ్యి పట్టుకుని నేనూ మా తమ్ముడూ. ఆ ఏడాది మా ఇంట్లో నిజంగానే డబ్బుల్లేవు, నూడిల్స్ కూడా నిజంగానే తిన్నాం, ఆ రెండూ ఒకే ఇంట్లో ఎలా కుదిరాయో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

మాది విజయనగరం. బయటివాళ్ళకి మా ఊరంటే కోట, పైడితల్లమ్మ సిరిమాను, సంగీత కాలేజీ, గురజాడ వారి ఇల్లు గుర్తొస్తాయి, మా పేట వాళ్ళకి మాత్రం ముందు మిల్లు సైరనే. ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు, దాన్ని బట్టే పొయ్యి వెలిగేది, దాన్ని బట్టే పిల్లలు లేచేవాళ్ళు. మా వైపు జూట్ మిల్లులు అప్పట్లో చాలా ఉండేవి, విజయనగరం, నెల్లిమర్ల, బొబ్బిలి, అటు అప్పటి శ్రీకాకుళం జిల్లా రాజాం దాకా. గోగునార మన రైతులే పండించేవాళ్ళు, జనపనార బెంగాల్ నుంచి దిగేది. ధాన్యం, పంచదార గోనె సంచుల్లో నింపాలని 1987లో కేంద్రం చేసిన చట్టం ఒకటుంది, ఆ ఆర్డర్లే మిల్లులకి ఆధారం. నార రేటు పెరిగినా, కరెంటు కోతలొచ్చినా, జీతాల ఒప్పందం దగ్గర పేచీ వచ్చినా చివరికి గేటుకి నోటీసు పడేది. మా నాన్న పనిచేసిన మిల్లు పేరు ఇక్కడ రాయను, మా పేటలో ఎవర్నడిగినా ఏదో ఒక మిల్లు గురించి ఇదే చెప్తారు.

నాన్న స్పిన్నింగులో. షిఫ్టు దిగి వచ్చేటప్పటికి కనుబొమ్మల మీద కూడా సన్నగా నార పీచు అంటుకుని ఉండేది, చొక్కా విప్పి వీధిలో దులిపాకే లోపలికి వచ్చేవాడు, ఎంత దులిపినా ఆ నూనె కలిసిన నార వాసన ఆయన్ని వదిలేది కాదు. నోటీసు పడ్డ రెండు వారాలకి ఆ వాసన పోయింది. మా తమ్ముడు అది కనిపెట్టాడు, "నాన్న దగ్గర సబ్బు వాసనొస్తంది" అని నవ్వాడు, అమ్మ నవ్వలేదు.

అది 2008. నేను తొమ్మిదో క్లాసు, తమ్ముడు ఐదు. లేఆఫ్ అయితే, అంటే పని లేదని కొన్నాళ్ళు ఇంటికి పంపితే, చట్టం ప్రకారం సగం జీతమైనా ఇవ్వాలి, లాకౌట్ అయితే, అంటే యాజమాన్యమే గేటు మూసేస్తే, అదీ లేదు. మాది లాకౌట్, ఆ తేడా మా అమ్మ మొదటి రోజే నేర్చేసుకుంది. మగవాళ్ళు కొన్నాళ్ళు గేటు దగ్గర టెంట్లో కూర్చున్నారు, మీటింగులు, యూనియన్ వాళ్ళ మాటలు, కలెక్టరాఫీసుకి వెళ్ళడం రావడం. తర్వాత ఒక్కొక్కళ్ళూ జారుకున్నారు. కొందరు ఆటో అద్దెకి తీసుకున్నారు, కొందరు హైదరాబాద్ వెళ్ళి అపార్ట్‌మెంట్లకి వాచ్‌మెన్లయ్యారు, నాన్న పొద్దున్నే పాసింజరెక్కి విశాఖపట్నం బిల్డింగు పనులకి వెళ్ళేవాడు. ఇరవై ఏళ్ళు మిషను ముందు నిలబడ్డ మనిషి ఇసక తట్టలు మొయ్యడం మొదలుపెట్టాడు.

ఇక్కడ ఒకటి చెప్పాలి, మేం పస్తులున్నామని అనుకోకండి. 2008 ఏప్రిల్లోనే రెండు రూపాయల బియ్యం వచ్చింది. తెల్లకార్డు మీద మనిషికి నాలుగు కిలోలు, ఇంటికి ఇరవై కిలోల దాకా. మా నలుగురికీ కలిపి పదహారు కిలోలు, ముప్పై రెండు రూపాయలు. రేషను బియ్యం కాస్త ముక్కవాసన వచ్చేవి గానీ గంజి వార్చి వండితే బాగానే ఉండేవి. పొద్దున్న చోడి అంబలి, అదే రాగి అంబలి, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. మధ్యాహ్నం తమ్ముడికి స్కూల్లోనే భోజనం. రాత్రికి అన్నం, చారు, పెరట్లో పాదుకి కాసిన ఆనపకాయో బీరకాయో. కందిపప్పు మాత్రం చూస్తూ చూస్తూ పెరిగిపోయింది, 2009 చివరికి కిలో తొంభై దాటీసింది, పప్పుచారులో పప్పు వెతుక్కోవాల్సి వచ్చేది. అయినా కడుపు నిండేది. ఆకలి కోసం మేం బండి దగ్గరికి వెళ్ళలేదు, ఈ సంగతి చాలామందికి అర్థం కాదు. ఆకలేసినవాడు అన్నం తింటాడు, మాకు అన్నం ఉంది.

మేస్త్రీ వారం కూలి శనివారం సాయంత్రం ఇచ్చేవాడు. అందుకే శనివారం. నాన్న రైలు దిగి ఇంటికొచ్చి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, ఉతికిన చొక్కా వేసుకుని "ఒలే, నువ్వూ తమ్ముడూ తయారవ్వండి" అనేవాడు. మేం అప్పటికే తయారై ఉండేవాళ్ళం. గంటస్తంభం వైపు నడిచే వెళ్ళేవాళ్ళం. దారిలో నాన్న ఏం మాట్లాడేవాడు కాదు, మేమిద్దరమే వాగేవాళ్ళం, హాఫ్ తీసుకోవాలా ఫుల్ తీసుకోవాలా, ఎగ్గా వెజ్జా, ఈసారి మంచూరియా అడగొచ్చా లేదా అని. మంచూరియా ఎప్పుడూ అడగలేదు. ఎగ్ నూడిల్స్ హాఫ్ పదిహేను, ఫుల్ పాతిక. ఫుల్లొకటి తీసుకుని మూడు ప్లేట్లు అడిగేవాళ్ళం, బండాయన ఏమీ అనేవాడు కాదు.

బండాయన ఎవరనుకున్నారు, ఆయన కూడా మిల్లు మనిషే. అంతకుముందెప్పుడో వచ్చిన లాకౌట్లో వైండింగు నుంచి బయటికొచ్చి విశాఖపట్నం బీచ్ రోడ్డులో ఒక ఒరియా మాస్టరు దగ్గర గిన్నెలు కడుగుతూ కడుగుతూ గరిటె పట్టాడు, తిరిగొచ్చి ఇక్కడ బండి పెట్టాడు. నాన్న ఆయన్ని బావా అనేవాడు, మేం మావయ్యా అనేవాళ్ళం. నాకు పెద్దయ్యాక తెలిసిందేంటంటే ఈ నూడిల్స్, మంచూరియా వ్యవహారం కూడా చాలావరకు కలకత్తా టాంగ్రాలో స్థిరపడ్డ చైనా వాళ్ళ వంటల్లోంచి మన రోడ్ల మీదకి వచ్చిందే. జనపనారా కలకత్తా వైపు నుంచే, నూడిల్సూ కలకత్తా వైపు నుంచే. మా పేటని ఒకటి ముంచితే ఒకటి తేల్చింది.

ఆయన పని చేస్తుంటే చూడ్డం నాకు తినడం కన్నా ఇష్టంగా ఉండేది. పక్కన పెద్ద అల్యూమినియం బేసిన్లో పొద్దున్నే ఉడకబెట్టి నూనె రాసి ఆరబెట్టిన నూడిల్స్, దాని మీద తడిగుడ్డ. తరిగిన క్యాబేజీ ఒక డబ్బాలో, క్యారెట్ ఒక డబ్బాలో, ఉల్లికాడలు కొంచెం, అవి ఖరీదు కాబట్టి చిటికెడే. బర్నర్ తిప్పగానే గుయ్యిమని నీలం మంట బాండీ అంచు దాటి పైకొచ్చేది. నూనె, వెంటనే గుడ్డు, ఒంటి చేత్తో పగలగొట్టి పెంకు వెనక్కి చూడకుండా బకెట్లోకి విసిరేవాడు, ఒక్కసారి కూడా బయట పడ్డం నేను చూడలేదు. గుడ్డు గడ్డకట్టే లోపలే క్యాబేజీ, ఆపైన నూడిల్స్, ఉప్పు, మిరియాల పొడి, టేస్టింగ్ సాల్టు. తర్వాత మూతకి మేకుతో చిల్లు పొడిచిన సీసాల్లోంచి సోయా సాసు, చిల్లీ సాసు, వెనిగర్. వెనిగర్ పడగానే ఆవిరి లేచి అందరికీ ఒకేసారి దగ్గొచ్చేది. గరిటెతో బాండీ అంచు మీద టంగ్ టంగ్ మని రెండు దెబ్బలేస్తే అయిపోయినట్టు, ఆ చప్పుడికి లైన్లో వాళ్ళందరూ ఒకడుగు ముందుకి వచ్చేవాళ్ళు. టేస్టింగ్ సాల్టు మంచిది కాదని అప్పటికే అందరూ అనేవాళ్ళు, అనుకుంటూనే తినేవాళ్ళు. 1908లో జపాన్‌లో ఇకెడా అనే ప్రొఫెసర్ సముద్రపు నాచు పులుసులో రుచి ఎక్కణ్ణుంచి వస్తోందా అని వెతికి పట్టుకున్న సరుకు అది. అంబలీ చారూ తిని తిని ఉన్న నాలిక మీద ఆ ఉప్పూ ఆ నూనే ఆ సాసూ కలిసి పడితే ఎలా ఉంటుందో, రోజూ నాలుగు కూరలతో తినేవాళ్ళకి నేనెంత రాసినా తెలీదు.

ఇంకొకటి. ఆయన వండే ముందు మా ఇద్దరినీ అడిగేవాడు, "ఏటమ్మా, కారం ఎక్కువెయ్యాలా, తక్కువెయ్యాలా? ఉల్లిపాయ కావాలా, వద్దా?" నేను ఎక్కువ అనేదాన్ని, తమ్ముడు తక్కువ అనేవాడు, ఆయన నవ్వి మధ్యస్థంగా వేసి నా ప్లేటులో పైన చిల్లీ సాసు ఇంకాస్త పోసేవాడు. ఆ ఏడాది మమ్మల్ని ఇంకెక్కడా ఎవరూ ఏం కావాలని అడగలేదు. రేషను షాపులో ఇచ్చింది తీసుకోవాలి, స్కూల్లో ఫీజు ఎప్పుడు కడతారని అడుగుతారు, శావుకారు కొట్లో పాత బాకీ ఎప్పుడని అడుగుతారు. ఏం కావాలి అని అడిగింది బండి మావయ్య ఒక్కడే, నాన్నని కూడా.

మొదట్లో అమ్మకి ఇది నచ్చలేదు. అమ్మ మాతో రాదు, నాలుగో ప్లేటు కూడా కావాల్సొస్తుందని రాదు. కుట్టుమిషను మీద జాకెట్లకి హుక్కులూ ఫాల్సూ వేస్తూ ఉండేది, మేం పార్సిల్ తెస్తే "నాకొద్దు, వాసనే పడదు" అనేది, తమ్ముడు బలవంతంగా నోట్లో పెడితే మాత్రం తినేది. ఒక రాత్రి మేం పడుకున్నాం అనుకుని నాన్నతో గొడవపడింది.

"ఆ పాతిక్కి రెండ్రోజులు కూరొస్తది. శావుకారుకి ఇయ్యాల్సింది కొండంత పెట్టుకుని వారం వారం ఈ తిండేటి? నలుగురూ సూసి ఏటనుకుంటారు?"

నాన్న చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "శావుకారుకి పాతికిచ్చీసాననుకో. పుస్తకంలో నాలుగువేల మూడొందలు కాస్తా నాలుగువేల రెండొందల డెబ్బై ఐదవుద్ది. ఆడి మొకం మారదు, నా మొకం మారదు, నీ మొకం మారదు. అదే పాతిక అక్కడిస్తే గుంటలిద్దరూ నవ్వుతున్నారు. ఈ పాతిక్కి ఇంకేటొస్తది సెప్పు."

అమ్మ సమాధానం చెప్పలేదు. నాకు అప్పుడర్థం కాలేదు గానీ తర్వాత మహారాజా కాలేజీలో బీకాం చదువుతూ ఎకనామిక్స్ పేపర్లో ఎన్నో డెఫినిషన్లు బట్టీ పట్టాను, వాటన్నిటికన్నా నాన్న చెప్పిన లెక్కే నాకు గట్టిగా ఉంది. బాకీలో పాతిక పోస్తే కనపడకుండా పోతుంది. స్కూలు ఫీజుకి చాలదు, రేకుల కప్పుకి చాలదు, గ్యాసు బండకి చాలదు. పెద్ద అవసరాలకి చాలని డబ్బు, అలాగని దాచుకుంటే నిలిచే డబ్బు కూడా కాదు, మంగళవారానికల్లా ఎవరికో జ్వరమొచ్చి మందులకి పోతుంది. ఆ పాతిక దానంతట అది పూర్తిగా, లోటు లేకుండా కొనగలిగేది ఆ ఊళ్ళో ఒకటే ఉంది, ఒక ఫుల్ ఎగ్ నూడిల్స్. అక్కడ నాన్న అరువు పెట్టలేదు, బేరమాడలేదు, తల దించుకోలేదు. నోటు తీసి ఇచ్చాడు, చిల్లర తీసుకున్నాడు. వారమంతా అప్పు మనిషిగా తిరిగిన ఆయన ఆ పావుగంట మాత్రం కొనే మనిషి.

బండి దగ్గర మేమొక్కళ్ళమే కాదు. అదే రోజుల్లో, 2008 సెప్టెంబరులో, అమెరికాలో లేమాన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలింది, తర్వాత 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ రామలింగరాజు లెక్కల్లో మోసం ఒప్పుకున్న లెటరు బయటికొచ్చింది. మా పక్కవీధిలో ఇంజనీరింగ్ అయిపోయిన కుర్రాళ్ళు క్యాంపస్‌లో సెలెక్టయి కూడా జాయినింగ్ లెటరు రాక ఇంట్లో కూర్చున్నారు, సాయంత్రం బండి దగ్గర ముగ్గురు కలిసి ఒక ఫుల్లు తీసుకుని గంట నిలబడేవాళ్ళు. స్కూటర్ల మీద వచ్చే గుమాస్తాలూ టీచర్లూ కూడా ఉండేవాళ్ళు, వాళ్ళు అంతకుముందు ఫ్యామిలీతో ఏసీ హోటల్‌కి వెళ్ళేవాళ్ళు, అది మానుకుని ఇక్కడ పార్సిల్ కట్టించుకునేవాళ్ళు. నాకిప్పుడు ఆలోచిస్తే ఇది ముఖ్యం అనిపిస్తుంది. అదే బండి దగ్గరికి కొందరు పై మెట్టు నుంచి దిగొచ్చారు, మేం కింది మెట్టు నుంచి ఎక్కొచ్చాం. వాళ్ళకది పొదుపు, మాకది పండగ. దూరం నుంచి చూసినవాడికి మాత్రం గుంపొక్కటే కనపడుతుంది, "జనం తెగ తింటున్నారు" అనిపిస్తుంది.

అమెరికాలోనూ అప్పుడు జరిగింది ఈ మొదటి రకమే. 2008లో షేర్ మార్కెట్ మొత్తం కుప్పకూలిపోతే అక్కడి డౌ జోన్స్ సూచీలో ఉన్న ముప్పై కంపెనీల్లో రెండంటే రెండే పైకెళ్ళాయి, ఒకటి వాల్‌మార్ట్, రెండోది మెక్‌డొనాల్డ్స్. కాస్త ఖరీదైన హోటళ్ళకి వెళ్ళేవాళ్ళు బర్గర్‌కి దిగారన్నమాట. అదే 2024కి వచ్చేసరికి కథ తిరగబడింది, బర్గర్ రేట్లు పెంచుకుంటూ పోయారు, తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళు రావడం తగ్గించేశారు, ఆ ఏడాది ఏప్రిల్ నుంచి జూన్ దాకా మూడు నెలల్లో మెక్‌డొనాల్డ్స్ పాత షాపుల అమ్మకాలు ప్రపంచమంతా కలిపి ఒక శాతం పడిపోయాయి, ఐదు డాలర్ల మీల్ ఒకటి పెట్టి మళ్ళీ పిలుచుకోవాల్సి వచ్చింది. అంటే కష్టకాలంలో జనం బుద్ధి లేకుండా ఎగబడతారనేది అబద్ధం. పాతికకి పాతిక విలువ వచ్చినన్నాళ్ళే వెళ్తారు, రాకపోతే మానేస్తారు, ఎవరూ చెప్పక్కర్లేదు.

2019లో ఎకనామిక్స్ నోబెల్ తీసుకున్న ముగ్గురిలో అభిజిత్ బెనర్జీ, ఎస్తర్ డఫ్లో ఉన్నారు కదా, బీదవాళ్ళ మధ్య తిరిగి వాళ్ళు రాసిన వాటిల్లో ఒకటి చదివినప్పుడు నేను కాసేపు పక్కన పెట్టి ఊరుకున్నాను. బీదవాడి చేతికి కాస్త ఎక్కువ డబ్బొస్తే అదంతా ఇంకా ఎక్కువ తిండికి పెట్టడు, ఇంకాస్త రుచైన తిండికి పెడతాడు, బతుకు చప్పగా ఉన్నచోట రుచి కూడా ఒక అవసరమే అని వాళ్ళు గమనించారు. అంత పెద్దవాళ్ళు దేశాలు తిరిగి చెప్పేదాకా ఎందుకు, మా పేటలో ఏ ఆడమనిషిని అడిగినా చెప్పేది. మా అమ్మ కూడా చెప్పేది, కాకపోతే కొన్నాళ్ళయ్యాక.

అమ్మ మారింది సిరిమాను రోజుల్లో. విజయదశమి తర్వాతొచ్చే మంగళవారం సిరిమాను, ముందురోజు తొలేళ్ళు, ఊరికి ఊరే జనంతో నిండిపోతుంది. ఇంటికి చుట్టాలొస్తారు, రావద్దని అనలేం, వచ్చినవాళ్ళకి పులుసూ కూరా వండి పెట్టాలి, పిల్లల చేతిలో పదో పరకో పెట్టాలి. ఆ ఏడాది శ్రీకాకుళం నుంచి మా పిన్ని వాళ్ళొచ్చారు. పిన్ని మంచిదే, కానీ వాళ్ళాయనకి గవర్నమెంటు ఉద్యోగం. గుడి దగ్గర బళ్ళు చూసి మా తమ్ముడు ఏదో అడగబోతే "మీ నాన్నకి పని లేదు కదమ్మా, అల్లరి సెయ్యకూడదు" అని అందరి ముందూ అంది. కోపంగా కాదు, జాలిగానే అంది. అమ్మ ఏం మాట్లాడలేదు. చీర కొంగు ముడి విప్పి డబ్బులు తీసి, బజ్జీ మిక్చర్ నాలుగు పొట్లాలు కట్టించింది, ఒకటి పిన్ని కూతురికి కూడా. టమాటా, ఉల్లిపాయ, మరమరాలు, నిమ్మరసం, కాగితం పొట్లంలో వేడివేడిగా. నాలుగోది తనే తింది, అక్కడే నిలబడి, పిన్ని చూస్తుండగా. హుక్కులు కుట్టిన డబ్బులవి. ఆ తర్వాత శనివారం నుంచి పాతిక గురించి మా ఇంట్లో మాట రాలేదు.

పిల్లల సంగతి పెద్దవాళ్ళు సరిగ్గా లెక్కెయ్యరు. సోమవారం స్కూల్లో "మీరు నిన్నా మొన్నా ఏం తిన్నారు" అన్న మాటొస్తే నా దగ్గర కూడా చెప్పడానికి ఒకటుండేది. లాకౌట్ పిల్లలమని అందరికీ తెలుసు, యూనిఫాం మోచేతి దగ్గర అతుకు కనపడుతూనే ఉంది. అయినా శనివారం మేం కూడా గంటస్తంభం దగ్గర ఉన్నాం, మా క్లాసు అమ్మాయి వాళ్ళ నాన్న స్కూటర్ మీద అక్కడే ఆగింది, నన్ను చూసి చెయ్యూపింది. ఆ చెయ్యూపడం నాకు ఆ వారమంతా సరిపోయింది.

ఇదంతా ఆరోగ్యమని నేననట్లేదు. నూనె మళ్ళీ మళ్ళీ కాచేవాళ్ళు, సాసులో రంగు ఎక్కువ, రోడ్డు దుమ్ము అదనం. చోడి అంబలే ఒంటికి మంచిదని ఇప్పుడు అందరూ చెప్తున్నారు, మిల్లెట్స్ అని అద్దాల కొట్లో అమ్ముతున్నారు కూడా. మేం అప్పుడు రోజూ తిన్నది అదే. వారమంతా ఆరోగ్యం తిన్నవాళ్ళు ఒక పూట రుచి తింటే దాన్ని దుబారా అనడం నాకిప్పటికీ ఒప్పదు. ఆ మాట అనే పెద్దమనుషులు మా గ్రూపులోనే ఉన్నారు, వాళ్ళ పిల్లల పుట్టినరోజు కేకు ఫొటోలు కూడా ఉన్నాయి.

బళ్ళు పెరగడం గురించి కూడా చెప్పాలి. ఉద్యోగాలు పోయినప్పుడు బళ్ళు ఎక్కువవుతాయి, చూసేవాళ్ళు "తినేవాళ్ళు పెరిగారు" అనుకుంటారు, ముందు పెరిగింది అమ్మేవాళ్ళు. మా పేటలోనే ఆ ఏడాది మిల్లులో లైన్ జాబరుగా చేసినాయన పునుగుల బండి పెట్టాడు, ఇంకొకాయన చికెన్ పకోడి. చిన్న బండి, పొయ్యి, గ్యాసు బండ, రెండు బాండీలు, ఇంట్లో ఆడవాళ్ళు తరిగిచ్చే ఉల్లిపాయలు, అంతకన్నా తక్కువ పెట్టుబడితో మొదలయ్యే వ్యాపారం ఏముంది చెప్పండి. మళ్ళీ 2020లో కరోనా లాక్‌డౌన్ తర్వాత అచ్చం ఇదే చూశాను. హైదరాబాద్ నుంచి, చెన్నై నుంచి తిరిగొచ్చిన కుర్రాళ్ళు రింగు రోడ్డు పొడుగునా బళ్ళు పెట్టారు. బండి మావయ్య కొడుకు ఆ జూన్‌లో వీధి వ్యాపారుల కోసం కేంద్రం మొదలుపెట్టిన స్వనిధి స్కీములో పదివేలు లోను తీసుకుని తండ్రి బండికే కొత్త రేకులు వేయించాడు. మాస్కు కట్టుకుని, గరిటెతో అదే రెండు దెబ్బలు. కూలి మనుషులు, షాపుల్లో జీతం సగానికి కోసిన అమ్మాయిలు, స్కూళ్ళు మూసేసి జీతాల్లేని ప్రైవేటు టీచర్లు, అందరూ దూరం దూరంగా గీసిన ముగ్గు గడుల్లో నిలబడి పార్సిళ్ళు పట్టుకెళ్ళారు. ఒక టీచరమ్మ నాతో అంది, "ఇంట్లో అందరం నాలుగు నెలల్నుంచి ఒకళ్ళ మొహాలొకళ్ళం చూసుకుంటున్నాం, ఇవాళ పిల్లలకి ఏదో ఒకటి కొత్తగా కనపడాలి కదా."

మా కథలో మిల్లు మళ్ళీ తెరుచుకుంది, 2009 దసరాలు వెళ్ళాక. పొద్దున్నే సైరన్ మోగితే పేటంతా వీధిలోకొచ్చింది, మా నాన్న డ్యూటీకి వెళ్ళేటప్పుడు పాత చొక్కానే అడిగి వేసుకున్నాడు. మొదటి నెల జీతం వచ్చిన రోజు శనివారం కాదు గానీ మేం మాత్రం ఆశగానే ఉన్నాం, ఈసారి మంచూరియా అడగొచ్చేమో అని తమ్ముడు నాతో గుసగుసలాడాడు. నాన్న నేరుగా శావుకారు కొట్టుకెళ్ళాడు, బాకీలో సగం కట్టాడు, ఆయన పుస్తకంలో కొట్టేసి మా ఇద్దరికీ చెరో పిప్పరమెంటు ఇచ్చాడు. తర్వాత గ్యాసు. తర్వాత తమ్ముడికి బూట్లు. మిగిలింది అమ్మ పోపుల డబ్బాలో పెట్టింది, రేకుల కోసం. శనివారం వచ్చింది, సాయంత్రమైంది, నాన్న పడుకుని లేచి టీ తాగుతున్నాడు, తయారవ్వమని అనలేదు.

తమ్ముడే అడిగాడు, "నాన్నా, ఎల్దామా?"

"వచ్చే నెల సూద్దాంరా" అన్నాడు నాన్న.

లాకౌట్ ఉన్నన్నాళ్ళు ఆ మాట ఆయన ఒక్కసారి కూడా అనలేదు. వచ్చే నెల ఏమవుతుందో తెలిస్తే కదా అనడానికి. తమ్ముడు సరే అని బయటికి ఆడుకోడానికి పోయాడు, ఏడవలేదు, నాక్కూడా పెద్దగా ఏమీ అనిపించలేదు. ఆ వచ్చే నెల నా టెన్త్ పరీక్ష ఫీజు కట్టారు, ఆ పై నెల రేకులు వేయించారు.